పిచ్చుకలు చెప్పిన సాక్ష్యము: పక్షుల రక్తములోని పరాన్నజీవులు

సికిందరాబాదును ఆనుకొని ఉన్న బేగంపేటలో, పాత విమానాశ్రయమునకు సమీపమున, ఒక పాతకాలపు భవనము ఉన్నది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినది ఇక్కడేనని మన పిల్లలందరూ చదువుకొంటారు. ఆ తేదీని నేటికిని ప్రపంచమంతటా దోమల దినముగా పాటిస్తున్నారు.

ఈ పాఠము చెప్పినప్పుడెల్లా నేను మా విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాను. "రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము ఎందుకు వచ్చినది?" అంటే, "మలేరియా దోమ కుట్టడము వలన వస్తుందని సికిందరాబాదులో ఋజువు చేసినందుకు" అని తరగతి అంతా ఒక్క గొంతుతో చెపుతుంది. ఈ జవాబులో సగము మాత్రమే సరియైనది. క్రిమి మనిషి రక్తము నుండి దోమ కడుపులోనికి పోయి అక్కడ పెరుగుతుందని రాస్ సికిందరాబాదులో చూచిన మాట నిజము. అయితే కడుపులో పెరిగిన ఆ క్రిమి మరల బయటికి ఎట్లు వస్తుంది? మరియొక ప్రాణి ఒంటిలోనికి ఎట్లు ప్రవేశిస్తుంది? ఈ రెండవ సగమునకు సాక్ష్యము చెప్పినవి మన ఇండ్ల చూరులలో గూళ్లు కట్టుకొనే పిచ్చుకలు.

"పిచ్చుకలకు కూడా మలేరియా వస్తుందా?" అని విద్యార్థులు నవ్వుతారు. వస్తుంది. కాకికి వస్తుంది, కోడికి వస్తుంది, ఎక్కడో చలిసముద్రపు ఒడ్డున పుట్టిన పెంగ్విను పక్షిని తెచ్చి మన మధ్య పెట్టుకొంటే దానికిని వస్తుంది. ఒక్కొక్క పక్షికి అది ఒక్కొక్క తీరున వస్తుంది. ఆ తేడా ఎందుకు కలుగుతుందో తెలిసికొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పక్షి రక్తములో ఏమున్నది?

మన రక్తపు చుక్కను గాజుపలక మీద పలుచగా పరచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని క్రింద చూస్తే ఎఱ్ఱకణములు గుండ్రని బిళ్లలవలె కనబడతవి. వాటిలో కేంద్రకము ఉండదు. పక్షి రక్తము ఇట్లు ఉండదు. పక్షుల ఎఱ్ఱకణములు కోలగా, దోసగింజ ఆకారములో ఉంటవి. ప్రతి కణము నడుమ ఊదారంగు తిరిగిన కేంద్రకము స్పష్టముగా కనబడుతుంది.

మా ప్రయోగశాలలో పావురపు రక్తము పరచిన పాత పలక ఒకటి ఉన్నది. దానిని చూచిన విద్యార్థి మొదట, "ఈ కణములలో కొన్నింటికి రెండు కేంద్రకములు ఉన్నవేమి?" అని అడుగుతాడు. నిదానించి చూస్తే ఆ రెండవది కేంద్రకము కాదని తెలుస్తుంది. అది నీలిరంగు తిరిగి, అసలు కేంద్రకమును చుట్టుకొని, నిండు చంద్రుని ప్రక్కన నెలవంక పెట్టినట్లు వంగి ఉంటుంది. దాని ఒంటిలో గోధుమరంగు రేణువులు చల్లినట్లు కనబడతవి. అదియే పరాన్నజీవి. ఎఱ్ఱకణములోని హీమోగ్లోబిన్‌ను అది తినగా జీర్ణము కాక మిగిలిన పదార్థమే ఆ రేణువులు. పొయ్యిలో కట్టెలు కాలిన తరువాత బూడిద మిగులుతుంది గదా! ఇదియును అటువంటిదే. ఈ రేణువులను పాఠకులు గుర్తుంచుకోవాలి. సికిందరాబాదులో రాస్‌కు దారి చూపినవి ఇవే.

మనిషి మలేరియా క్రిమిని ఫ్రెంచి సైనికవైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియా దేశములో మొదట చూచాడు. తరువాత కొద్ది సంవత్సరములకే రష్యా సామ్రాజ్యములోని ఖార్కోవ్ నగరములో డానిలేవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు పక్షుల రక్తములో అటువంటి క్రిములనే కనుగొన్నాడు. నేడు ఈ బంధువర్గములో మూడు ముఖ్యమయిన ప్రజాతులను చెపుతారు. మొదటిది ప్లాస్మోడియము. ఇదియే అసలు మలేరియా క్రిమి. దీనిని దోమలు మోస్తవి. రెండవది హీమోప్రోటియస్. పావురపు పలకలో నెలవంకవలె కనబడినది ఇదే. దీనిని పక్షుల ఈకలలో తిరిగే ఒక విధమయిన ఈగలు, కొన్ని నుసుములు మోస్తవి. మూడవది ల్యూకోసైటోజూన్. ఇది ప్రవేశించిన రక్తకణము గుర్తు పట్టరానంతగా ఉబ్బి సాగిపోతుంది. దీనిని ఎక్కువగా ఏళ్ల ఒడ్డున ఉండే నల్లని చిన్న ఈగలు, కోళ్లలో నుసుములు మోస్తవి. మూడింటి పద్ధతియు ఒక్కటే. పక్షిలో కొంత జీవితము, కుట్టే కీటకములో కొంత జీవితము గడపాలి. రెండు ఇండ్లలో ఏ ఒక్కటి లేకపోయినా వీటి వంశము నిలువదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పక్షుల మలేరియా మనుష్యులకు అంటదు. పిచ్చుక గూడు కట్టినందువలన గాని, పావురములను పెంచినందువలన గాని ఇంటిలోని వారికి మలేరియా వస్తుందని భయపడనక్కరలేదు.

సికిందరాబాదులో రెండు సగములలో మొదటిది

రాస్ 1895 ఏప్రిల్‌లో సైనికవైద్యుడుగా సికిందరాబాదు వచ్చాడు. మలేరియా క్రిమికి దోమతో సంబంధము ఉండవచ్చునని లండనులో మాన్సన్ అనే వైద్యుడు అతనికి చెప్పి పంపాడు. బోదకాలు పురుగు దోమ ఒంటిలో పెరుగుతుందని 1877లోనే కనిపెట్టినవాడు ఈ మాన్సన్. అయితే మలేరియా విషయములో అతని ఊహ ఒక చోట దారి తప్పినది. దోమ నీళ్లలో పడి చస్తుందని, ఆ నీళ్లు త్రాగినవారికి జ్వరము వస్తుందని అతడు అనుకొన్నాడు. దోమ కాటు వేసే సమయముననే రోగము ఎక్కిస్తుందని అప్పటికి ఎవరును ఋజువు చేయలేదు.

రాస్ మొదట వాడినవి మనకు ఎల్లప్పుడు ఇండ్లలో కనబడే బూడిదరంగు దోమలు, చారల దోమలు. వాటిని మలేరియా రోగుల మీద వదలి, రక్తము త్రాగించి, తరువాత కోసి పరీక్షించాడు. ఎన్ని దోమలను కోసినా ఏమియు కనబడలేదు. 1897 వర్షాకాలములో బేగంపేటలో పని మరల సాగించాడు. ఉక్క భరింపరానిదిగా ఉండేది. పంకా ఊపిస్తే కోసిపెట్టిన దోమలు గాలికి లేచిపోతవని దానిని ఆపివేశాడు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి.

ఆగస్టులో అతనికి రెక్కల మీద మచ్చలున్న వేరొక రకపు దోమలు దొరికినవి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఈ దోమలను అతని మీద వదిలారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి ఇచ్చారు. నాలుగు రోజుల తరువాత, అనగా 20వ తేదీన, మిగిలిన దోమలలో ఒకదానిని కోసి చూడగా దాని కడుపు గోడలో గుండ్రని కణములు కనబడినవి. దోమ కడుపులో అటువంటి కణములు ఉండరాదు. పైగా వాటి లోపల మలేరియా క్రిమిలో ఉండే నల్లని రేణువులే ఉన్నవి! మరునాడు ఇంకొక దోమను కోస్తే ఆ కణములు మరింత పెద్దవిగా ఉన్నవి. అనగా క్రిమి దోమలో బ్రతికి ఉన్నది, అంతేగాక పెరుగుతున్నది. ఆ మచ్చల రెక్కల దోమనే మనము నేడు ఎనాఫిలీస్ అంటున్నాము.

పని ఇక్కడికి వచ్చేసరికి రాస్‌కు బదిలీ ఉత్తరువు వచ్చినది. సెప్టెంబరులో అతడు రాజపుటానాలోని ఖేర్వాడాకు వెళ్లవలసి వచ్చినది. అక్కడ మలేరియా రోగులు అరుదు. వేరు దారి లేక పావురముల రక్తము పరీక్షించసాగాడు. వాటిలో హీమోప్రోటియస్ కనబడినది. పక్షుల వైపు అతని దృష్టి మరలినది.

కలకత్తా పిచ్చుకలు

1898 ఫిబ్రవరిలో రాస్ కలకత్తా చేరాడు. అక్కడ మంచి ప్రయోగశాల దొరికినది గాని మనుష్యులు దొరకలేదు. ఆ రోజులలో ప్లేగు భయము, ప్లేగు సూదుల భయము ఊరంతా వ్యాపించి ఉన్నది. వేలు గుచ్చి రక్తము తీస్తామంటే రోగులు పారిపోయేవారు. అందుచేత రాస్ పిచ్చుకలను, భరతపక్షులను, కాకులను పట్టి తెప్పించాడు. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమలను పెంచుట, పక్షులను చూచుట మొదలయిన పనులలో అతనికి కుడిభుజముగా ఉన్నాడు.

ఆ పక్షుల రక్తములో రాస్‌కు ప్లాస్మోడియము జాతి క్రిమి కనబడినది. దానిని నేడు ప్లాస్మోడియము రెలిక్టమ్ అంటారు. సికిందరాబాదులో ఎన్ని కోసినా ఫలితము ఇవ్వని బూడిదరంగు దోమను ఈసారి ఈ పక్షుల మీద వదిలాడు. మార్చిలో ఆ దోమ కడుపు గోడలోనే రేణువులున్న కణములు కనబడినవి. మచ్చల దోమ మనిషి క్రిమిని పెంచుతుంది. బూడిద దోమ పక్షి క్రిమిని పెంచుతుంది. ఏ క్రిమికి ఏ దోమ తగునో ఆ దోమలోనే అది పెరుగుతుందన్న మాట. బూడిద దోమనే క్యూలెక్స్ అంటారు.

అయితే ఆ కణములు నిజముగా పిచ్చుక రక్తము నుండియే వచ్చినవా? దోమకు స్వతహాగా ఉండే మరేదైనా రోగమేమో! ఈ అనుమానమును తీర్చుటకు రాస్ చేసిన ప్రయోగము విద్యార్థులందరు తెలిసికొనదగినది. అతడు మూడు పిచ్చుకలను తీసికొన్నాడు. మొదటి దాని రక్తములో క్రిములు విస్తారముగా ఉన్నవి. రెండవ దానిలో ఒక మోస్తరుగా ఉన్నవి. మూడవ దానిలో అసలు లేవు. ఒకే తొట్టిలో పుట్టినవంటి దోమలను ఒక్కొక్క పిచ్చుక మీద వదలి, ఒక్కొక్క గుంపులో పది దోమలను కోసి, కడుపులలోని కణములను లెక్కపెట్టాడు. మొదటి గుంపులో 1,009 కణములు, రెండవ గుంపులో 292 కణములు ఉన్నవి. మూడవ గుంపులో ఒక్కటి కూడా లేదు. దోమలు ఒక్కటే, ఋతువు ఒక్కటే, తేడా అంతా పిచ్చుక రక్తములోనే ఉన్నది. ఇక అనుమానమునకు చోటు ఏది?

తరువాత రాస్ ఆ కణములను రోజు రోజు గమనించాడు. అవి పెరిగి, ఉబ్బి, పగిలి, వేలకొలది సన్నని పోగులవంటి జీవులను దోమ ఒంటిలోనికి విడుస్తున్నవి. ఆ పోగులు ఎక్కడికి పోతున్నవి? 1898 జూలై 4న వాటి గమ్యస్థానము దొరికినది. దోమ మెడ దగ్గర ఉండే లాలాజలగ్రంథులలో అవి కిటకిటలాడుతున్నవి. ఆ గ్రంథుల నుండి బయలుదేరిన నాళము తిన్నగా దోమ తొండములోనికి పోతుంది. దోమ కుట్టేటప్పుడు మొదట తన లాలాజలమును మన ఒంటిలోనికి చిమ్ముతుంది గదా! క్రిమి ప్రవేశించే ద్వారము అదే.

చివరి మెట్టు ఒకటి మిగిలినది. రక్తములో క్రిములు లేని పిచ్చుకల మీద ఆ దోమలను వదిలారు. కొన్ని రోజులకు వాటి రక్తమునిండా క్రిములు కనబడినవి. ఆరోగ్యముగా ఉన్న 28 పిచ్చుకలలో 22 ఈ విధముగా రోగము తెచ్చుకొన్నవి. ఆ జూలై నెల చివరనే మాన్సన్ ఈ సంగతిని ఎడిన్‌బరోలో వైద్యుల సభకు తెలియజేశాడు. ఆ సంవత్సరమే ఇటలీలో గ్రాసీ, అతని మిత్రులు మనిషి మలేరియా విషయములోను ఎనాఫిలీస్ దోమతో ఇదే ఋజువు చూపారు. త్రాగే నీటి మీది అనుమానము తొలగిపోయినది. దోమను ఆపితే జ్వరము ఆగుతుందని లోకమునకు తెలిసినది.

పక్షి ఒంటిలో క్రిమి ప్రయాణము

నేడు మనకు తెలిసినంతలో క్రిమి జీవితచక్రమును క్లుప్తముగా చెప్పవచ్చును. దోమ కుట్టగా లోపలికి పోయిన పోగులు వెంటనే ఎఱ్ఱకణములలోనికి పోవు. మొదట చర్మము, ప్లీహము మొదలయిన అవయవముల కణములలో దాగి సంఖ్యలో పెరుగుతవి. ఈ రహస్య దశను 1937లో జేమ్స్, టేట్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కోడిపిల్లలలో స్పష్టముగా చూపారు. మనిషి మలేరియాలోను ఇటువంటి దశ కాలేయములో ఉన్నదని 1948లో తెలిసినది. అప్పుడును ముందు దారి చూపినవి పక్షులే.

అక్కడి నుండి క్రిములు రక్తములోనికి వచ్చి ఎఱ్ఱకణములలో చేరి, తిని, చీలి, కణమును పగులగొట్టి మరికొన్ని కణములలో ప్రవేశిస్తవి. పక్షికి రక్తహీనత కలుగుతుంది. ప్లీహము, కాలేయము ఉబ్బుతవి. ఈకలు రేపుకొని, కండ్లు మూసికొని, మేత ముట్టక మూలన కూర్చుంటుంది. కొన్ని క్రిములు మాత్రము చీలక ఆడ, మగ రూపములు పొంది దోమకొరకు వేచి ఉంటవి. దోమ కడుపులో వాటికి సంయోగము జరుగుతుంది. ఈ సంయోగమును సూక్ష్మదర్శిని క్రింద 1897లో మొదట చూచినవాడు అమెరికాకు చెందిన మెకాలం. అతడు చూచినది కాకి రక్తములో.

మందుల విషయములోను మనము పక్షులకు ఋణపడి ఉన్నాము. 1920 తరువాత జర్మనీలో క్వినైన్‌కు మారుమందు వెదకిన రసాయనజ్ఞులు తమ మందులను మొదట కానరీ పిట్టల మీద పరీక్షించారు. కోడి మలేరియా క్రిమిని 1935లో గుర్తించిన తరువాత ఆ పని కోడిపిల్లల మీదికి మారినది. ఎలుకలలో మలేరియా దొరికేవరకు ప్రపంచములో మలేరియా మందులకు ఒరగల్లు పక్షి రక్తమే.

పావురముల గూటిలో

హైదరాబాదు, సికిందరాబాదులలో పావురములను పెంచే అలవాటు తరతరములుగా ఉన్నది. పెంపకము చేసేవారికి ఒక ఈగ పరిచయమే. గోధుమరంగుగా, చదునుగా ఉండి, పావురపు ఈకల సందున ప్రక్కకు పరుగెత్తుతుంది. నలిపినా త్వరగా చావదు. పావురముల హీమోప్రోటియస్‌ను మోసేది ఈ ఈగయేనని 1906లో సెర్జెంట్ సోదరులు అల్జీరియాలో ఋజువు చేశారు.

పెద్ద పావురములు ఈ క్రిమిని సాధారణముగా తట్టుకొంటవి. గూటిలోని పిల్లలకు, ప్రయాణములో అలసిన వాటికి, ఇతర రోగములున్న వాటికి ఇది భారమవుతుంది. ఈ ఈగ గ్రుడ్లు పెట్టదు. లోపలనే పెరిగిన పిల్లను విడుస్తుంది. అది వెంటనే నల్లని గింజవంటి ప్యూపాగా మారి గూటి చెత్తలో పడి ఉంటుంది. దానిలో నుండి ఈగ బయటపడుటకు మూడు, నాలుగు వారములు పడుతుంది. కనుక ఇరువది రోజులలోపున ఒకసారి గూడు ఊడ్చి, ఆ చెత్తను కాల్చివేస్తే ఈగ వంశము అక్కడితో తెగుతుంది. క్రిమి జీవితము తెలిసినందువలన కలిగే లాభము ఇది. మందు లేకుండ చీపురుతో రోగమును ఆపవచ్చును.

అడవి పక్షి, పెంపుడు పక్షి

అడవి పక్షులలో ఈ క్రిములు ప్రపంచమంతటా ఉన్నవి. చలిఖండమయిన అంటార్కిటికా ఒక్కటే దాదాపు మినహాయింపు. అయినా మన చెట్ల మీది పక్షులు మలేరియాతో రాలిపోవుట మనము చూడము. ఎందుచేత? క్రిమికి, పక్షికి వేల తరముల పరిచయము ఉన్నది. తట్టుకొనలేని పక్షులు ఏనాడో నశించినవి. తట్టుకొన్న వాటి సంతతియే నేడు మిగిలినది. రోగము తగిలిన తొలి రోజులలో క్రిములు పెరుగుతవి; పిదప పక్షి వాటిని అణచివేస్తుంది. అణచివేస్తుందే గాని బొత్తిగా తుడిచివేయదు. కొద్ది క్రిములు చాలాకాలము లోపల మిగిలి ఉంటవి. గ్రుడ్లు పెట్టే ఋతువులో గాని, పక్షి నీరసించినప్పుడు గాని మరల తల ఎత్తుతవి.

ఈ నిదాన రోగము వలన నష్టము లేదని చాలాకాలము అనుకొన్నారు. అది పొరపాటని తేలినది. స్వీడనులో రెల్లుదుబ్బుల పిట్టలను సంవత్సరముల తరబడి గమనించిన శాస్త్రజ్ఞులు 2015లో ఒక విషయము ప్రకటించారు. పైకి ఆరోగ్యముగా కనబడుతూ లోపల మలేరియా ఉన్న పిట్టలు త్వరగా ముసలివవుతున్నవి, తక్కువ కాలము బ్రతుకుతున్నవి, తక్కువ పిల్లలను పెంచుతున్నవి. అడవి పక్షి ఈ క్రిమితో రాజీపడి బ్రతుకుతుంది గాని, ఆ రాజీకి కప్పము చెల్లిస్తూనే ఉంటుంది.

మనిషి చేతిలో పుట్టి పెరిగిన పక్షి సంగతి వేరు. దానికి మూడు చిక్కులు ఉన్నవి. అడవి పక్షి తావు మార్చగలదు. పంజరములోనిది దోమ వచ్చినా కదలలేదు. పక్షులను గుంపుగా ఉంచినచోట ఒకదాని క్రిమి అన్నింటికి త్వరగా చేరుతుంది. అన్నింటికంటె ముఖ్యమయినది మూడవది: దూరదేశపు పక్షిని తెచ్చి పెంచినప్పుడు, దాని జాతి ఎన్నడును ఎరుగని క్రిమిని ఇక్కడి దోమ దానికి పరిచయము చేస్తుంది.

పెంగ్వినులు దీనికి మంచి ఉదాహరణ. దోమలు అరుదయిన చలిసముద్రపు ఒడ్డున పెరిగిన వంశము వాటిది. జంతుప్రదర్శనశాలలో పుట్టిన పెంగ్విను కూడా ఆ వంశపు బలహీనతతోనే పుడుతుంది. చుట్టుపట్ల చెట్ల మీది పిట్టల నుండి దోమ తెచ్చిన క్రిమి, ఆ పిట్టలకు ఏమియు చేయనిది, పెంగ్వినును కొద్ది రోజులలో చంపగలదు. 2012లో లండను జంతుప్రదర్శనశాలలో ఆరు హంబోల్ట్ పెంగ్వినులు పక్షుల మలేరియాతో చనిపోయినవి. అందుచేత అనేక ప్రదర్శనశాలలలో దోమల కాలమున పెంగ్వినులకు ముందుగానే మందు ఇస్తున్నారు.

దీనికి వ్యతిరేకమయిన చిక్కు కూడా ఉన్నది. దోమతెరల మధ్య భద్రముగా పెంచిన పక్షికి క్రిమితో పరిచయమే ఉండదు. దానిని పెద్దదయిన తరువాత అడవిలో విడిచితే మొదటి వర్షాకాలమే దానికి పరీక్ష అవుతుంది. ఈ ప్రశ్న మనకు దూరమయినది కాదు. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డిభూములలో ఒకప్పుడు కనబడిన బట్టమేకపిట్ట నేడు అంతరించే దశలో ఉన్నది. 2019 నుండి రాజస్థానములో దాని గ్రుడ్లను సేకరించి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. ఇటువంటి పక్షులను బయటికి విడుచుటకు ముందు రక్తపుచుక్కను పరీక్షించుట రెండు విధముల అవసరము. అడవిలో లేని క్రిమిని అవి తీసికొని పోరాదు. అడవిలో ఉన్న క్రిమికి అవి సిద్ధముగా ఉండాలి.

హవాయి ద్వీపముల గుణపాఠము

పరిచయము లేని పక్షులకు ఈ క్రిమి ఎంత చేటు చేయగలదో పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపములు చూపినవి. ఆ ద్వీపములలో దోమలే ఉండేవి కావు. 1826లో ఓడల నీటిపీపాలలో మన బూడిద దోమ అక్కడికి చేరినది. తరువాత వలసవచ్చినవారు ముచ్చటకొరకు దేశదేశముల పంజరపు పక్షులను తెచ్చి విడిచారు. వాటి రక్తములో ప్లాస్మోడియము రెలిక్టమ్ ఉన్నది. దోమ, క్రిమి రెండును కలిసినవి. కలకత్తాలో రాస్ చూచిన దోమ, క్రిమి జంటయే ఇది!

ఆ ద్వీపములలో తేనె త్రాగే రంగురంగుల చిన్న పిట్టలు ఒకప్పుడు 50 జాతులకు మించి ఉండేవి. నేడు మిగిలినవి సుమారు 17. అడవులు నరకుట, ఎలుకలు మొదలయిన ఇతర కారణములు ఉన్నప్పటికి, మలేరియా వీటికి పెద్ద శత్రువయినది. ఈవి అనే ఎఱ్ఱని పిట్టను పరీక్షగా ఒక్క దోమచేత కుట్టించగా పదింట తొమ్మిది చనిపోయినవి. పిచ్చుకకు నలత కలిగించే క్రిమియే ఆ పిట్టకు యమపాశమయినది. 2023లో అమెరికా ప్రభుత్వము అంతరించినవని ప్రకటించిన జాతులలో ఎనిమిది హవాయి అడవిపక్షులు ఉన్నవి.

మిగిలిన పిట్టలు ఎత్తయిన కొండల మీద తలదాచుకొన్నవి. సుమారు 13 డిగ్రీల సెంటీగ్రేడు కంటె చల్లగా ఉంటే ఈ క్రిమి దోమ ఒంటిలో ఎదగలేదు. 1,500 మీటర్ల పైన దోమలును తక్కువ, చలియును ఎక్కువ. భూమి వేడెక్కుతున్న కొలది దోమ కొండ ఎక్కుతున్నది. పిట్టలకు ఇంకా పైకి పోవుటకు కొండ మిగలలేదు. అందుచేత 2023 నుండి అక్కడ ఒక క్రొత్త ఉపాయము చేస్తున్నారు. వోల్బేకియా అనే బాక్టీరియా రకమును ఎక్కించిన మగదోమలను అడవిలో విడుస్తున్నారు. మగదోమలు కుట్టవు. వాటితో జతకట్టిన ఆడదోమల గ్రుడ్లు పొదగవు. దోమ సంఖ్య తగ్గితే పిట్టలకు ఊపిరి తిరుగుతుందని ఆశ.

మనము చేయవలసినది

ఇంతదూరము వెళ్లి మరల మన ఊరికి వస్తే, ఆ బూడిద దోమ మన మురుగుకాలువలలో నేటికిని పుట్టుతూనే ఉన్నది. మన ఇండ్ల దగ్గర బోదకాలును మోసేది ఇదే. పక్షుల మలేరియాను మోసేది కూడా ఇదే. నీరు నిలువకుండ చేసినవాడు తన కాళ్లను కాపాడుకొంటాడు, తన చెట్టు మీది పిట్టను కూడా కాపాడుతాడు.

కోళ్లు, పావురములు, చిలుకలు పెంచేవారికి పద్ధతులు సులభమే. పక్షులకు పెట్టిన నీళ్లపాత్రను రోజూ ఒంపి కడగాలి. దోమపిల్ల రెక్కలు తెచ్చుకొనుటకు వారము కావాలి, ఆ వారము దానికి ఇవ్వరాదు. చీకటి పడిన తరువాత గూటికి దోమతెర కట్టాలి. ఈ దోమ రాత్రిపూట కుట్టుతుంది. క్రొత్తగా కొన్న పక్షిని కొన్నాళ్లు విడిగా ఉంచి చూడాలి. ఈకలు రేపుకొని, తలకాయ వెలవెలబోయి కూర్చున్న పక్షిని పశువైద్యునికి చూపి రక్తపుచుక్క పరీక్ష చేయించాలి. దూరదేశపు పక్షిని పెంచి విసుగెత్తి బయటికి వదలుట దయ కాదు. దాని రక్తములో ఏమున్నదో మనకు తెలియదు. హవాయిలో జరిగినది అదే గదా!

ఆగస్టు 20వ తేదీన బేగంపేట భవనమును చూడబోయే విద్యార్థులు హుసేన్ ఖాన్‌ను, మచ్చల రెక్కల దోమను తలచుకొంటారు. ఆ భవనపు ఆవరణలోని చెట్ల వంక కూడా ఒకసారి చూడవలెనని నా కోరిక. అక్కడ పిచ్చుకయో కాకియో కనబడితే, ఈ కథలో మిగిలిన సగము దాని జాతి రక్తములో వ్రాసి ఉన్నదని గుర్తు చేసికొనవచ్చును.